అనుమానం పీట

మొన్న మధ్యాహ్నం నా ఫోన్‌లోంచి 'సుయ్' మని ఒక శబ్దం వచ్చింది. ఎర్రగా కాలిన వెండిని చింతపండు నీళ్ళలో వేస్తే వచ్చే శబ్దం అది. ఫోన్‌కి వాసన ఉండదని నాకూ తెలుసు. అయినా ఆ పులుపు, బొగ్గు పొగ, అనకాపల్లి మార్కెట్ వైపు నుంచి వచ్చే బెల్లం వాసన, మూడూ కలిసి ముక్కుకి తగిలాయి. ఒక కస్టమర్ పంపిన వీడియో అది. చాలాసార్లు ఫార్వర్డ్ అయిందని పైన గుర్తు ఉంది. కింద ఆవిడ రాసింది: "మీరు పని నేర్చుకున్నది అనకాపల్లిలోనే అట కదా. ఇతనితో జాగ్రత్త." వీడియోలో మనిషి ముఖం సగమే కనిపిస్తుంది. చేతులు మాత్రం పూర్తిగా కనిపిస్తాయి, పొడుగాటి వేళ్ళు, మసి పట్టిన గోళ్ళు. శబ్దం అయ్యాక ఒక ఆడపిల్ల గొంతు మొదలవుతుంది. "ఈ పెద్దమనిషిని బాగా చూసి పెట్టుకోండి. నమ్మి డిజైన్ చేతిలో పెడితే కాపీ కొట్టి అమ్ముకునే దొంగ ఇతను." ఆ గొంతులో కోపం ఉంది, కాస్త గర్వం కూడా ఉంది. నాకు బాగా తెలిసిన గొంతే. నాదే.

ఆ చేతులు సింహాచలం ఆచారి గారివి. అనకాపల్లిలో ఇంటి వసారాలోనే కుంపటి పెట్టుకుని వెండిపని చేసేవారు. ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఆయన పేరు మాత్రం నా గొంతుతో పాటు ఇంకా ఫోన్ల మీద తిరుగుతోంది, దొంగ అన్న మాట తగిలించుకుని. ఆయన్ని ఎప్పుడూ చూడని వాళ్ళకి ముందు తెలిసింది ఆ మాటే కాబట్టి మిగతాది కూడా నేనే చెప్పాలి.

నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. విశాఖలో నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో పెరిగినదాన్ని. చెట్టుని ఎప్పుడూ బాల్కనీలోంచి, పైనుంచి చూడడమే. ఉద్యోగంలో మేనేజర్ ఏదో అంటే నోటీసు కూడా ఇవ్వకుండా బ్యాగు తగిలించుకుని వచ్చేశాను. ఆ ఖాళీ రోజుల్లో ఒకసారి స్నేహితులతో కొండకర్ల ఆవకి వెళ్ళాను. అంత పెద్ద మంచినీటి సరస్సు, నీళ్ళు కనపడకుండా తామరాకులు, వాటి మధ్య నాకు పేర్లు తెలియని పక్షులు. ఇంటికొచ్చేసరికి ఫోన్ నిండా ఫొటోలే. ఆ ఆకుల్నీ ఆ గడ్డినీ వెండిలో చేయించి, ఒక పేజీ పెట్టి అమ్మాలని ఆ వారంలోనే నిశ్చయించుకున్నాను. సిటీలో షాపుల వాళ్ళు కేటలాగ్ చూపించారు. ఒకాయన "ఫొటోలు ఉంచి వెళ్ళండి మేడమ్, చూద్దాం" అన్నాడు. ఆ 'చూద్దాం'లో నాకు దొంగతనం వినిపించింది. ఫోన్ లాక్కుని వచ్చేశాను. అప్పటినుంచి ఎవరు నా ఫొటోల్ని రెండు సెకన్లకి మించి చూసినా అనుమానమే. చివరికి మా ఇంటి కింద ఉండే ఆవిడ, తన పెళ్ళి పట్టీలు చేసింది ఈయనే అంటే, ఒక వెండి ముక్క వెంట తీసుకుని అనకాపల్లి వెళ్ళాను.

వసారాలో కుంపటి, కుంపటికి ఇవతల ఆయన, అవతల సరిగ్గా ఆయన మోకాళ్ళకి ఎదురుగా ఒక పనసచెక్క పీట. కూర్చుని కూర్చుని మధ్యలో పల్లం పడింది. నేను నిలబడే వెండి ముక్క అందించాను. ఎప్పుడు రమ్మంటారని అడిగాను. ఆయన దాన్ని తీసుకోలేదు.

"ఇచ్చీసి ఎల్లిపోతావా?" అన్నారు. "నానెవలో నీకు తెల్దు, నా బాబెవలో తెల్దు. ఎండి సేతిలో ఎట్టీసి ఎల్లిపోతావేటి? నమ్మకు పాపా. కూకో."

"అబ్బే, మీరు మంచివారని చెప్పారండి."

"ఎవలు సెప్పేరో ఆల్లు కూకునే సేయించుకున్నారు. దీన్ని అనుమానం పీట అంతారు. మా తాత సేయించేడు. అనుమానం ఉన్నోలు దీని మీద కూకుంతారు. లేనోలు కూడా కూకుంతారు, కాసేపటికి అదే వత్తాది."

లోపల గుమ్మం దగ్గర ఆయన భార్య నూకరత్నం గారు ముసిముసిగా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నమ్మమని అడిగేవాడికన్నా నమ్మొద్దని చెప్పేవాడే ముదురని నా లెక్క. పీట మీద కూర్చుని ఫోన్‌లో రికార్డ్ నొక్కాను.

అంతకుముందే నేను ఇంకో తెలివైన పని చేసి ఉన్నాను. వెండి మార్చేస్తారేమోనని, ముక్క అడుగున మేకుతో నా పేరులో మొదటి అక్షరం గీశాను. ఆయన ముక్కని మూసలో వేశారు. ఊదుగొట్టంతో ఊదారు. వెండి మెత్తబడి, అంచులు వాలి, ఒక్కసారిగా మెరిసే బొట్టయిపోయింది. అప్పుడు వెలిగింది నాకు, కరిగిపోయే వస్తువు మీద గుర్తు పెట్టానని. ఆయన ఊదడం ఆపి తలెత్తారు. "అచ్చరం ముత్తెంలా రాసేవు పాపా. కరిగిపోనాది గాని." నా చెవులు కాలిపోయాయి. చూశారన్నమాట. చూసి కూడా ఊరుకున్నారన్నమాట. ఎందుకు ఊరుకున్నారు? ఆ రాత్రంతా ఆ వీడియో ముందుకీ వెనక్కీ తిప్పి చూశాను. ముక్క మారలేదు. అయినా మనసు ఒప్పుకోలేదు.

అలా వారానికి రెండుసార్లు బస్సెక్కి వెళ్ళడం మొదలైంది. నేను వెళ్ళేది పని కోసం కాదు, పట్టుకోడానికి. ఆయన చెయ్యి ఎటు వెళ్తే ఫోన్ అటు తిప్పేదాన్ని. "అది సూత్తందా, నువ్వు సూత్తన్నావా?" అని ఒకరోజు అడిగారు. "రెండూ" అన్నాను మొండిగా. ఆయన లోపలికి కేకేశారు. "రత్నం, ఇద్దరు సుట్టాలొచ్చేరు, రెండు టీలు ఎట్టు." ఆవిడ నిజంగానే రెండు గ్లాసులు తెచ్చి, ఒకటి ఫోన్ ముందు పెట్టి వెళ్ళారు. అనుమానించడంలో ఆయన మాత్రం నాకేం తీసిపోలేదు. నేను తెచ్చిన ప్రతి ముక్కనీ గీటురాయి మీద గీసి, ఆ గీతని వెలుతురులోకి వంచి చూసి, "సిటీ ఎండి" అనేవారు. నన్ను తిట్టినట్టే ఉండేది.

ఫొటోలు చూపించినప్పుడు ఆయన చెయ్యి చాచి ఫోన్‌ని దూరంగా పట్టుకుని, ఒక తామరాకు ఫొటో దగ్గర చాలాసేపు ఆగారు. రెండు సెకన్లు ఎప్పుడో దాటిపోయాయి.

"ఆకు బాగున్నాది. బరువేదీ?"

"బరువేంటండీ? ఫొటోలో బరువెలా వస్తుంది?"

"అదే నానంతన్నాను."

తర్వాతి ఆదివారం పొద్దున్నే నన్ను ఆవకి తీసుకెళ్ళారు. రెండు తాటిదోనెలు జత కట్టి, గెడ వేసి నడిపే పడవ. నడిపేది పైడితల్లి అనే యాభై ఏళ్ళావిడ, ఊళ్ళోనే ఉంటుంది. ఆయన్ని చూసి "ఏటి ఆచారి గోరూ, సిస్సురాలా?" అంది. "కాదే, పోలీసు" అన్నారాయన. నా ఫోన్ చూసి ఆవిడ ముందే చెప్పేసింది. "నీట్లో పడితే నానెతకను. సేపలు మాట్టాడుకుంతాయి దాంతోటి."

పడవ ఆగిన చోట ఒక పక్షి తామరాకుల మీద నడుస్తోంది. కాళ్ళు సన్నం, వేళ్ళు మాత్రం ఒంటికి మించిన పొడుగు. అడుగు పెట్టినప్పుడల్లా ఆకు ఒక వేలెడు దిగి, నీళ్ళు అంచు మీదికి వచ్చీరాకముందే పక్షి తర్వాతి ఆకు మీద ఉండేది. నేను జూమ్ చేసి తీస్తున్నాను. పక్కన ఏదో కదిలితే ఓరగా చూశాను. ఆచారి గారి కళ్ళు పక్షి మీదే ఉన్నాయి. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుంటున్నాయి. జేబులోంచి తీసిన రాగి తీగని వంచుతున్నాయి, విరుస్తున్నాయి, మెలి తిప్పుతున్నాయి. ఒకటయ్యాక ఇంకొకటి. రెండు చిన్న పక్షి పాదాలు. మూడు వేళ్ళు ముందుకి, ఒకటి వెనక్కి, కింద ఆకు లేకపోయినా దిగుతున్నట్టే ఉన్నాయి. వాటిని చూసి నేనన్న మొదటి మాట ఇది: "ఈ డిజైన్ నాది. ఐడియా నాది, ఈ చోటు నేను చూపించింది. ఇంకెవరికీ చేయకూడదు." పైడితల్లి గెడ ఆపి నా వైపు చూసింది. ఆచారి గారు తలూపారు. అంతే.

తర్వాత రెండు నెలలు పది జతల చెవి లోలాకులు చేశారు, అన్నీ పాదాలే. ఆ రాగి తీగలు మళ్ళీ ఎక్కడా కనపడలేదు. అన్నీ తలలోంచే చేశారు. ఏ రెండు జతలూ ఒకేలా లేవు. అది కూడా నాకు అనుమానమే, సరిగ్గా చేయడం రాక నన్ను మభ్యపెడుతున్నారేమోనని. వాటిని పేజీలో పెట్టే ముందురోజు సాయంత్రం ఫోన్‌లో రీల్స్ తిప్పుతున్నాను. ఎవరో టూరిస్టు ఆవలో తీసిన రీల్ ఒకటి వచ్చింది. నీళ్ళు, ఆకులు, ఆ తర్వాత ఒక్క క్షణం ఒక ఆడమనిషి చెవి, దాని వెనక గెడ పట్టుకున్న చెయ్యి. చెవికి నా పక్షి పాదం వేలాడుతోంది. రాగిలో.

ఒళ్ళు మండిపోయింది. ఎవరినీ ఏమీ అడగలేదు. నేను పట్టుకోవాలనుకున్నది దొరికింది, ఇన్నాళ్ళ నా అనుమానం నిజమైంది, దాని మజాయే వేరు. అన్నాళ్ళుగా పోగుచేసిన వీడియోల్లోంచి వెండి చింతపండు పులుసులో పడే ముక్క తీసి, పైన నా గొంతు పెట్టి, ఊరి పేరు, ఆయన పేరు చెప్పి వదిలేశాను. పడుకునేలోపు నా పేజీని అంతవరకూ చూసినవాళ్ళందరికన్నా ఎక్కువమంది చూశారు. తెల్లారేసరికి అనకాపల్లి గ్రూపులన్నిట్లోకీ వెళ్ళిపోయింది.

ఆ పొద్దున్నే వెళ్ళి వసారాలో నిలబడి అరిచాను. ఆయన పట్టీకి మువ్వ అతుకుతున్నారు. అతకడం పూర్తిచేసి, పులుసులో వేసి, అప్పుడు చెయ్యి చాపారు ఫోన్ కోసం. రీల్ చూశారు. ఇంకోసారి చూశారు.

"సెవి ఎవల్దో సూసేవా?"

"ఎవరిదైతే ఏంటి? నా డిజైన్ కాదా అది?"

"ఎవల్దైతే ఏటీ అన్నోలు ఆ పీట మీద కూకోకూడదు పాపా. అనుమానం రాడం తప్పు కాదు. నానే కూకోమన్నాను కదా. వచ్చినాక ఆకరిదాకా సూడాల. నువ్వు సగంలో లెగిసిపోనావు." ఫోన్ నా చేతిలో పెట్టారు. "అది పైడితల్లి సెవి. ఎల్లి అడుగు."

ఇదీ ఒక నాటకమే అనుకున్నాను. ఇద్దరూ కలిసి ఆడుతున్నారు. ఫోన్ చేసి ముందే చెప్పేస్తాడేమో అని, దారి పొడుగునా ఆటో డ్రైవర్‌ని తొందరపెట్టి కొండకర్ల వెళ్ళాను. పైడితల్లి నేను చెప్పింది విని ఇంట్లోకి వెళ్ళి ఒక పాత పౌడరు డబ్బా తెచ్చి చాప మీద బోర్లించింది. రాగి తీగ బొమ్మలు. కలువ మొగ్గ, నత్త, పీత కొండి, నీటిపాము మెలిక, ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ. కొన్ని మెరుస్తున్నాయి, కొన్ని నల్లబడ్డాయి, కొన్ని ఆకుపచ్చ చిలుం పట్టాయి.

"ఎప్పుడొచ్చినా ఇంతే. పడవలో కూకోని వంచుతాడు, దిగీటప్పుడు నా సేతిలో ఎడతాడు. సూసింది ఇక్కడే ఒగ్గీయాల, గేపకం ఉన్నదే ఇంటికాడ సెయ్యాల అంతాడు. మీ పిట్టకాలు బాగుందని నానే కొక్కేలు ఎట్టించుకుని సెవులకి తగిలించుకున్నాను. తప్పేటి?" అని, ఆ కుప్పలోంచి చిలుం పట్టి పచ్చగా ఉన్న ఒకదాన్ని ఏరి నా అరచేతిలో పెట్టింది. "ఇది మా అత్తది. నా పెల్లికి ముందే ఇచ్చేడంట."

అది కూడా పక్షి పాదమే. మూడు వేళ్ళు ముందుకి, ఒకటి వెనక్కి. నేను పుట్టకముందుది.

తిరిగొచ్చే బస్సులో ఫోన్ తీసి ఆ ఆదివారం వీడియోలు మొత్తం చూశాను. చివరి దాంట్లో ఉంది. నేను ఎగిరిపోతున్న పక్షిని తీస్తున్నాను. ఫ్రేమ్ మూలన, సగం తెగిపోయి, ఆయన చెయ్యి పైడితల్లి చేతిలో ఏదో పెడుతోంది. రెండు నెలలుగా అది నా దగ్గరే ఉంది. నేనే తీశాను. చూడలేదు.

వీడియో తీసేశాను. తప్పు నాదని ఇంకో వీడియో పెట్టాను. మొదటిదాన్ని ఊరంతా పంచుకున్నారు. రెండోదాన్ని మా అమ్మ చూసింది. మర్నాడు వెళ్ళేసరికి నాతవరం నుంచి వచ్చిన ఒక చెరుకు రైతు కుటుంబం వసారాలో ఉంది. మూడు తరాలుగా ఆ ఇంట్లో పట్టీలన్నీ ఇక్కడే చేయించారట. పెద్దాయన ముఖం పక్కకి తిప్పుకుని, "పని తరవాత సూసుకుందాం ఆచారీ, ఎండి ఇచ్చీ" అంటున్నాడు. ఆచారి గారు మూట తెచ్చి, త్రాసులో వేసి చూపించి, ఇచ్చేశారు. వాళ్ళు ముగ్గురూ వంగి త్రాసు ముల్లు చూశారు. పీట మీద మాత్రం ఎవరూ కూర్చోలేదు. నేను చూస్తున్నది ఆ ఖాళీ పీటనే. వాళ్ళకి ఇక అనుమానం లేదు. తేలిపోయింది.

నూకరత్నం గారు నన్ను చూసి బయటికి వచ్చారు. "ఇంకేటి మిగిలిందని వచ్చేవే? ఆ పోను మూతిలో కొరివి ఎట్టా. రెండు టీలు ఇచ్చేను నానూ, సిగ్గులేక." నేను ఏడుస్తూ ఆచారి గారికి క్షమించమని చెప్పాను. ఇప్పటికీ ఆయన జవాబు నాకు పూర్తిగా అర్థం కాలేదు.

"సెమించడానికేటుంది. ఇన్నాల్లు కూకున్నావు కదా, నానెక్కడ దొంగిలించేనో సెప్పు. సెప్పలేవు. అయితే ఇంకా సూడాల్సింది ఉన్నాది. కూకో."

"మీరు ఆ పాదం ఎప్పుడో చేశారు కదా తాతా. నాది నాది అని నేను అరుస్తుంటే ఎందుకు ఊరుకున్నారు?" మొదటిసారి తాతా అని పిలిచాను.

"పిట్టది పాపా అది. నీది అన్నావు, సరే అన్నాను. నాది అన్నా పిట్ట వచ్చి కాదంతాదా?"

నేను కూర్చున్నాను. ఆయన రాగి తీగ చుట్ట నా ఒళ్ళోకి విసిరారు. వంచమన్నారు. శిక్షా, చదువా అని అడిగే ధైర్యం లేదు. నేను చేసిన మొదటి పాదం చూసి, "ఇది నడవదు" అన్నారు. రెండోది చూసి, "ఇది కుంటాది." ఇరవయ్యో ముప్పయ్యో అయ్యాక ఒకదాన్ని కుంపటి గట్టు మీద నిలబెట్టి కాసేపు చూసి, ఏమీ అనకుండా తన పనిలో పడిపోయారు. ఆ ఏమీ అనకపోవడాన్ని కూడా నేను అనుమానించాను. అలా రెండేళ్ళకి పైగా. ఈసారి ఫోన్ సంచిలో ఉండేది. టంకం ఎప్పుడు పారుతుందో, వెండి ఏ రంగు దగ్గర ఆపాలో, ఆయన చెప్పి నేర్పిందేమీ లేదు. ఎదురుగా కూర్చుంటే కనపడేది, అంతే. నాతవరం వాళ్ళు మాత్రం మళ్ళీ రాలేదు. ఇంకా చాలామంది రాలేదు. ఆయన ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. కుంపటి మాత్రం రోజుకి కొన్ని గంటలే వెలిగేది. ఎందుకో మా ముగ్గురికీ తెలుసు.

ఆయన పోయాక పదకొండో రోజు దాటి వెళ్ళాను. నూకరత్నం గారు పీటని తుడిచి గుమ్మంలో పెట్టి ఉంచారు. "నీకిమ్మన్నాడు. ఎందుకో తెల్దు. నానైతే ఇవ్వను" అన్నారు. లోపలికి రమ్మనలేదు. నేనూ అడుగు పెట్టలేదు. బస్సులో ఆ పీట ఒళ్ళో పెట్టుకుని, ఇది బహుమతా, జీవితాంతం గుచ్చుకునే ముల్లా అని ఆలోచిస్తూ ఇంటికొచ్చాను. ఇంకా తేలలేదు.

ఇప్పుడు అది ఫ్లాట్‌లో, బాల్కనీలో నా కుంపటికి ఎదురుగా ఉంటుంది. ఆవకి వెళ్తే తీగ వంచుతాను, దిగేటప్పుడు పైడితల్లి చేతిలో పెడతాను. ఆవిడ డబ్బాలో వేసుకుంటుంది. ఒక్కోదాన్ని చూసి "ఇది ఆచారి గోరిలా లేదు" అంటుంది. ఆ వీడియో ఏ నాలుగు నెలలకో ఎవరో ఒకరి దగ్గర్నుంచి నాకే తిరిగొస్తుంది. వచ్చిన ప్రతిసారీ జవాబు రాస్తాను. మొన్నా రాశాను: "అందులో గొంతు నాది. ఆయన దొంగ కాదు, నాకు పని నేర్పింది ఆయనే. నేను సగమే చూసి మాట్లాడాను."

కాసేపు 'టైప్ చేస్తున్నారు' అని కనిపించింది. తర్వాత ఆవిడ జవాబు వచ్చింది. "మీరు ఆయన శిష్యురాలు కదా, అలాగే అంటారు. మిమ్మల్ని మాత్రం ఎలా నమ్మాలి?"

ఒకప్పుడైతే ఆ మాటకి ఫోన్ గోడకేసి కొట్టేదాన్ని. ఎదురుగా పీట మధ్యలో పల్లం కనిపిస్తోంది, ఎన్ని అనుమానాలు కూర్చుంటే పడిందో. అడ్రసు పంపించి, కింద రాశాను.

"నమ్మకండి. మీ వెండి తీసుకుని వచ్చి కూర్చోండి."